8 కిలోలు మోసే స్టాండు 4.5 కిలోలకే ఎందుకు పడింది: ఒక స్టూడియో కేస్ స్టడీ

స్టూడియోలకు లైటింగ్ అమర్చిపెట్టడం నా పని. కెమెరా గురించి, లెన్సు గురించి గంటలకొద్దీ ఆలోచించేవాళ్లు కూడా లైటు స్టాండు దగ్గరికి వచ్చేసరికి పెట్టె మీది అంకె చూసి కొనేస్తారు. ఆ అంకెను నమ్మడం వల్ల ఒక స్టూడియోలో ఏం జరిగిందో, దాన్ని ఎలా సరిచేశామో ఇక్కడ రాస్తున్నాను. స్టూడియో ఎవరిదో తెలిసే వివరాలన్నీ తీసేశాను. కొలతలు మాత్రం నా నోటుపుస్తకంలో ఉన్నవే.

నేపథ్యం

ఇద్దరు నడిపే చిన్న స్టూడియో అది. ఫోటోలు తీసేది యజమానురాలు. లైట్లు చూసుకునేది ఆమె దగ్గర మూడేళ్లుగా పనిచేస్తున్న సహాయకుడు. ఎక్కువగా పోర్ట్రెయిట్లు తీస్తారు. నెలలో నాలుగైదు రోజులు ఆరుబయట పని ఉంటుంది. ప్రధాన లైటు 2.8 కిలోల మోనోలైటు, అంటే విద్యుత్ భాగాలన్నీ తనలోనే ఉండే ఫ్లాష్ లైటు. దానికి తగిలించే 120 సెంటీమీటర్ల ఆక్టా సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే ఎనిమిది మూలల గుడ్డ పెట్టె) మరో 1.7 కిలోలు. మొత్తం 4.5 కిలోలు. దీన్ని మోస్తున్నది 1.5 కిలోల అల్యూమినియం స్టాండు. అది 8 కిలోలు మోస్తుందని పెట్టె మీద రాసి ఉంది.

సమస్య

నాలుగు నెలల్లో మూడుసార్లు లైటు నేల మీద పడింది. మొదటిసారి సాఫ్ట్‌బాక్స్ పుల్ల విరిగింది. రెండోసారి ఫ్లాష్ ట్యూబ్ పగిలింది. దాంతో ఆమె 20 కిలోలు మోసే స్టాండు కొన్నారు. మూడోసారి ఆరుబయట పడింది ఆ కొత్త స్టాండే. కుర్చీలో కూర్చున్న పిల్లవాడికి జానెడు దూరంలో పడింది. ఆ సాయంత్రమే నాకు ఫోను చేశారు.

"20 కిలోలదీ పడిపోయిందండీ. ఇక ఎన్ని కిలోలది కొనమంటారు?"

ఆమె గొంతులో భయం ఇంకా తగ్గలేదు. వెంటనే ఏదో ఒక మోడల్ పేరు చెప్పి ఉంటే ఆమెకు ఊరటగా ఉండేది. కానీ ఆ ప్రశ్నకు జవాబిస్తే నాలుగోసారి పడడానికి నేను కూడా కారణమవుతానని అనిపించింది. "కొత్తది ఏదీ కొనకండి. ఈ వారం ఆ ఆక్టాను వాడకండి. నేను వచ్చి చూస్తాను" అన్నాను.

ఏ రకంగా పడింది?

స్టాండు మూడు రకాలుగా దెబ్బతింటుంది. గొట్టం వంగవచ్చు. బిగించిన జాయింటు జారి లైటు కిందికి దిగిపోవచ్చు. లేదా స్టాండు చెక్కుచెదరకుండానే మొత్తంగా ఒరిగి పడిపోవచ్చు. పెట్టె మీది కిలోల అంకె మొదటి రెండింటికి సంబంధించినది. బరువు మధ్య గొట్టం మీద నిలువుగా, కదలకుండా ఉన్నప్పుడు గొట్టాలూ జాయింట్లూ ఎంత తట్టుకుంటాయో మాత్రమే అది చెబుతుంది. ఒరగడం గురించి ఆ అంకెలో ఒక్క ముక్క కూడా లేదు. బరువు మోయడం వేరు, నిలబడడం వేరు.

అందుకే వెళ్లగానే స్టాండును పక్కన పెట్టి, మూడు ప్రమాదాలనూ ఒక్కొక్కటిగా చెప్పమన్నాను. మొదటిసారి సహాయకుడి కాలు లైటు కరెంటు తీగకు తగులుకుంది. రెండోసారి కుర్చీ జరుపుతున్నప్పుడు ఎవరి భుజమో ఆక్టా అంచుకు తగిలింది. మూడోసారి ఎవరూ ముట్టుకోలేదు, గాలి వీచింది. మూడింటిలోనూ గొట్టాలు నిటారుగానే ఉన్నాయి, జాయింట్లు జారలేదు. అంటే మూడూ ఒరిగి పడినవే. ఆమె డబ్బు పెట్టింది వాళ్లకు రాని జబ్బుకు మందు కోసం.

కొత్త స్టాండులో గాలి కుషను ఉందని ఆమె ధైర్యంగా ఉన్నారు. చాలామందికి ఈ అపోహ ఉంది. నాబ్ వదులైనప్పుడు లోపలి గాలి మెల్లగా బయటికి పోతూ గొట్టాన్ని నెమ్మదిగా దింపుతుంది. లైటునూ వేళ్లనూ కాపాడే మంచి ఏర్పాటే అది. స్టాండు ఒరగకుండా నిలబడడానికి మాత్రం దానితో ఏ సంబంధమూ లేదు.

పాదాల లెక్క

మూడు పాదాలనూ నేల మీద గీతలతో కలిపితే ఒక త్రిభుజం వస్తుంది. స్టాండు, లైటు, సాఫ్ట్‌బాక్స్ అన్నిటి ఉమ్మడి గురుత్వ కేంద్రం నుంచి ఒక దారం వేలాడదీశామనుకోండి. ఆ దారం కొస త్రిభుజం లోపల ఉన్నంతసేపే స్టాండు నిలుస్తుంది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మధ్య గొట్టం నుంచి పాదానికి ఉన్న దూరంలో సగం మాత్రమే, రెండు పాదాలను కలిపే గీతకు ఉంటుంది. కాబట్టి స్టాండు ఎప్పుడూ రెండు కాళ్ల మధ్య సందులోకే సులువుగా పడుతుంది.

వాళ్లు పాత స్టాండును ఎలా నిలబెట్టేవారో అలాగే నిలబెట్టమన్నాను. గదిలో చోటు కలిసొస్తుందని కాళ్లను సగమే తెరిచారు. మధ్య నుంచి పాదానికి 35 సెంటీమీటర్లు వచ్చింది. అంటే సందు వైపు 17.5 మాత్రమే. పైగా ఆక్టా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. లైటుతో కలిపి దాని బరువు మధ్య గొట్టానికి సుమారు 12 సెంటీమీటర్లు ముందు పడుతోంది. మొత్తం 6 కిలోల్లో ఉమ్మడి కేంద్రం 9 సెంటీమీటర్లు ముందుకు జరిగినట్టు. ఆ ముందు వైపునే రెండు కాళ్ల సందు ఉంది. మిగిలింది 8.5 సెంటీమీటర్లు.

ఆ 8.5 ఎంత తక్కువో మాటల్లో చెబితే తెలియదు. సామాను తూచే చేతి త్రాసు ఒకటి ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. లైటు ఎత్తులో, అంటే 2.2 మీటర్ల దగ్గర, ఒక తాడు కట్టి దానికి త్రాసు తగిలించాను. సహాయకుణ్ణి పట్టుకోవడానికి సిద్ధంగా నిలబెట్టి, సందు వైపుకు అడ్డంగా, మెల్లగా లాగాను. వెనక పాదం నేల విడిచిన క్షణంలో త్రాసు 230 గ్రాములు చూపింది. చేతిలోని ఫోను బరువు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ప్రయత్నించినవి

ముందుగా ఖర్చులేని మార్పు చేశాను. దానికి కారణం పొదుపు మాత్రమే కాదు. నా విశ్లేషణ సరైనదైతే, ఏ వస్తువూ మార్చకుండానే అంకె పెరగాలి. పెరగకపోతే నేను పొరబడ్డట్టే. కాళ్లను 45 సెంటీమీటర్ల దాకా తెరిచి, స్టాండును తిప్పి ఒక కాలు సరిగ్గా ఆక్టా కిందికి వచ్చేలా పెట్టాను. ఇప్పుడు బలహీనమైన దిక్కులు ముందున్న కాలికి రెండు పక్కలా ఉంటాయి. లెక్క ప్రకారం అటు లాగితే 490 గ్రాములు రావాలి. త్రాసు 460 చూపింది. గొట్టం కాస్త వంగుతుంది కాబట్టి ఆ తేడా సహజం. రెండు నిమిషాల పనితో నిలకడ రెట్టింపైంది.

కాళ్లు తెరవడంలో ఒక జాగ్రత్త ఉంది. అడ్డపట్టీలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా తెరిచి ఆపాలి. ఇంకా లాగితే మధ్య గొట్టం అడుగు నేలకు తగులుతుంది. అప్పుడు బరువంతా ఆ గొట్టం మీద ఆని, కాళ్లు తేలిపోయి, స్టాండు బొంగరంలా ఊగుతుంది. 20 కిలోల స్టాండును ఆరుబయట వాళ్లు అలాగే తెరిచారేమోనని అనుమానించాను. ఆ రోజు తీసిన తెరవెనుక ఫోటోలు చూస్తే కాళ్లు సరిగానే ఉన్నాయి. పొరపాటు వేరేచోట ఉంది.

ఆ స్టాండు బరువు 2.6 కిలోలు. కాళ్లు 48 సెంటీమీటర్లు తెరుచుకుంటాయి. సందు ముందుకు ఉన్నా, 2.2 మీటర్ల ఎత్తులో 530 గ్రాముల దాకా ఆగుతుంది. గొట్టాలు లావుగా, ఊగకుండా ఉన్నాయన్న ధైర్యంతో వాళ్లు దాన్ని 2.8 మీటర్లకు లేపారు. ఎత్తు పెరిగినకొద్దీ అదే నెట్టుడు ఎక్కువ బలంగా పనిచేస్తుంది. అంకె 420కి పడిపోయింది. 120 సెంటీమీటర్ల ఆక్టా ముఖం వైశాల్యం దాదాపు ఒక చదరపు మీటరు. సెకనుకు 3 మీటర్ల గాలి, అంటే ముఖానికి తెలుస్తూ ఆకులు గలగలలాడే గాలి, దానికి ఎదురుగా తగిలితే సుమారు 650 గ్రాముల బలంతో నెడుతుంది. 420 ఎక్కడ, 650 ఎక్కడ? గట్టి స్టాండు ఇచ్చిన ధైర్యమే దాన్ని పడేసింది.

నా సలహా పనిచేయని చోటు

తర్వాత 7 కిలోల ఇసుక సంచి ఒకటి తెప్పించి, మధ్య గొట్టానికి తగిలించమన్నాను. లెక్క ప్రకారం అంకె 1.3 కిలోల దాకా పెరగాలి. వారం తర్వాత సహాయకుడు ఫోను చేసి, తెర కొస తగిలి స్టాండు మళ్లీ ఒరిగిందని, తాను పట్టుకున్నానని చెప్పాడు. వెళ్లి చూస్తే సంచి తాడు పొడుగై, సంచి నేల మీద కూర్చుని ఉంది. నేల మీద ఉన్న సంచి బరువు నేలదే, స్టాండుది కాదు. స్టాండు కొంత ఒరిగి తాడు బిగుసుకున్న తర్వాతే ఆ బరువు అక్కరకొస్తుంది. అప్పటికి పైనున్న ఆక్టా వేగం అందుకుని ఉంటుంది.

ఆ తప్పు నాది. "సంచి తగిలించండి" అన్నానే తప్ప, అది గాలిలో ఉండాలని చెప్పలేదు. నాకు ఎంతో తెలిసిన సంగతి కాబట్టి చెప్పనక్కరలేదనుకున్నాను. అదీగాక మధ్య గొట్టానికి తగిలించడమే బలహీనమైన ఎంపిక. బరువు ఒరిగే గీతకు ఎంత దూరంలో ఉంటే అంత బాగా ఆపుతుంది. మధ్యలో పెట్టిన సంచి ఆ దూరంలో చాలా భాగాన్ని వృథా చేస్తుంది.

చక్రాల స్టాండు గురించి కూడా ఆమె అడిగారు. నున్నటి నేల మీద, ఎత్తు మారని లైటుకు అది సుఖమే. తీగకు కాలు తగిలే గదిలో, ఆరుబయట మట్టి మీద పనిచేసే వాళ్లకు వద్దన్నాను.

పనిచేసినవి

మొదట తీగ సంగతి చూశాం. అది లైటు నుంచి నేరుగా గోడ వైపు ఏటవాలుగా వెళ్తోంది. ఎవరి కాలైనా తగిలితే ఆ లాగుడు 2.2 మీటర్ల ఎత్తున పడుతుంది. తీగను గొట్టం వెంట కిందికి తెచ్చి, అడుగున కాలి దగ్గర పట్టీతో కట్టి, అక్కడ కొంత వదులుగా చుట్ట ఉంచాం. ఇప్పుడు కాలు తగిలినా లాగుడు నేల దగ్గరే పడుతుంది, స్టాండు ఒరగదు, మహా అయితే జరుగుతుంది. ఈ కేసు మొత్తంలో అన్నిటికంటే చవకైన మార్పు ఇదే. నా మటుకు అన్నిటికంటే విలువైనదీ ఇదే.

ఆ తర్వాత ఎంత నిలకడ చాలో తేల్చుకోవాలి. ఇంకా బరువైనది, ఇంకా వెడల్పైనది అని వెతుకుతూ పోతే అంతుండదు. త్రాసుకు గరిష్ఠ అంకెను పట్టి ఉంచే సదుపాయం ఉంది. స్టాండు తలను త్రాసు ద్వారా గోడకు కట్టి, మామూలుగా నడుస్తూ ఆక్టాకు భుజం తగిలించమని సహాయకుణ్ణి పదిసార్లు నడిపించాను. ఎక్కువసార్లు కిలోకు అటూ ఇటూగా వచ్చింది. అందుకే లోపలి పనికి 1.5 కిలోలను గీతగా పెట్టుకున్నాం. వాడే ఎత్తులో, అన్నిటికంటే బలహీనమైన దిక్కున, ఆ అంకె వస్తేనే లైటు వెలగాలి.

ఆమె కొన్న 20 కిలోల స్టాండుతోనే ఆ గీత దాటగలిగాం. ముందు కాలు ఆక్టా కింద. మరో సంచి తెప్పించి, వెనక కాళ్లు రెండింటి మీద చెరో 7 కిలోల సంచి, జీను వేసినట్టుగా, నేలకు తగలకుండా వేశాం. లెక్క ప్రకారం బలహీన దిక్కున 1.75 కిలోలు. త్రాసు 1.6 దగ్గర ఆగింది. అవే రెండు సంచులూ ముందు కాలి మీద వేసి చూస్తే లెక్కే 1.4 దాటలేదు. సంచులు అవే, స్టాండు అదే, వేసే చోటు మాత్రమే వేరు. లోపలి పనికి కొత్త స్టాండు అవసరం లేదని చెప్పినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన నిశ్చింత నాకు బాగా గుర్తు.

వెనక నుంచి జుట్టు మీద పడే చిన్న లైటును మాత్రం పాత స్టాండుకు బూమ్ (అడ్డంగా చాచే పొడవాటి కడ్డీ) తగిలించి వేలాడదీస్తున్నారు. దాన్ని ఆపించాను. ఆ పనికి సి-స్టాండు అనే బరువైన ఉక్కు స్టాండు తీసుకోమన్నాను. దాని బరువే దాని బలం. కాళ్లు వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి కాబట్టి ఒకదాని పక్కన ఒకటి ఇమిడిపోతుంది. ఎత్తైన కాలు లైటు వైపు ఉండాలి. లైటును మోసే దాని అడ్డ కడ్డీని చెయ్యి అంటారు; ఆ చేతిని బిగించే నాబ్ ఏ పక్క ఉందో కూడా చూసుకోవాలి. లైటు బరువుకు చెయ్యి కిందికి తిరగబోతే ఆ తిరగడంతో నాబ్ ఇంకా బిగుసుకోవాలి, వదులు కాకూడదు. ఎదురుగా నిలబడి చూస్తే నాబ్ మన వైపు, లైటు కుడి వైపు ఉంటే సరిపోతుంది.

ఆరుబయట కథ వేరు. గాలి వేగం రెట్టింపైతే నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలికే ఆ ఆక్టా మీద 1.8 కిలోల బలం పడుతుంది, 8 మీటర్లకు 4.5 దాటుతుంది. అందుకని 9 కిలోల ఉక్కు స్టాండు, మధ్య నుంచి పాదానికి 60 సెంటీమీటర్లు తెరుచుకునేది ఎంచుకున్నాం. గాలి ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్పలేం కాబట్టి మూడు కాళ్ల మీదా ఒక్కో సంచి. 2 మీటర్ల ఎత్తులో 5 కిలోల దాకా ఆగింది. ఇలాంటి పెద్ద స్టాండ్లలో కొన్నిటికి పైన 28 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. సాధారణ లైట్లకు కావలసినది 16 మిల్లీమీటర్ల పిన్ను. అడాప్టర్ ముందే తీసుకోకపోతే పని రోజున స్టాండు ఉండీ లాభం లేదు.

స్టాండును ఇంకా పెంచడం కంటే ఆక్టాను తగ్గించడమే తెలివైన దారని నా వాదన. 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ వైశాల్యం నాలుగో వంతు, గాలి దెబ్బ కూడా నాలుగో వంతే. వెలుగు మెత్తదనం పోతుందని ఆమె మొదట ఒప్పుకోలేదు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. కానీ మెత్తదనం లైటు అసలు పరిమాణం కంటే, మనిషి దగ్గర నుంచి అది ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్న దాని మీద ఆధారపడుతుంది. సగం పరిమాణాన్ని సగం దూరంలోకి తెస్తే దాదాపు అదే మెత్తదనం వస్తుంది. రెండు విధాలుగానూ తీసి పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ముఖం, నడుము వరకు తీసే ఫోటోలకు ఒప్పుకున్నారు. నిలువెత్తు ఫోటోల్లో సాఫ్ట్‌బాక్స్ ఫ్రేములోకి వస్తుంది కాబట్టి అక్కడ ఆక్టాయే ఉంది.

ఇప్పుడు వాళ్ల నియమం ఇది: ఆకులు మాత్రమే గలగలలాడితే ఆక్టా, సన్నటి రెమ్మలు కదులుతుంటే 60 సెంటీమీటర్లది, దుమ్మూ కాగితాలూ లేస్తుంటే సాఫ్ట్‌బాక్స్ ఏదీ వద్దు. ఆక్టా ఉన్నంతసేపు సహాయకుడి చెయ్యి స్టాండు మీద ఉంటుంది.

నేర్చుకున్నది

ఇప్పుడు ఎవరు స్టాండు గురించి అడిగినా నేను మొదట అడిగేది పాదాలు ఎంత దూరం తెరుచుకుంటాయని. ఆ తర్వాత స్టాండు సొంత బరువు. తేలికగా ఉండడాన్ని గొప్పగా చెప్పే ప్రకటనలు చూసి మోసపోవద్దని చెబుతాను. మోసుకెళ్లాల్సిన అవసరం ఉంటే తేలిక స్టాండూ ఖాళీ సంచులూ తీసుకెళ్లి, అక్కడే ఇసుకో నీళ్లో నింపుకోవచ్చు. తక్కువ భాగాలతో అదే ఎత్తు వచ్చేది దొరికితే అదే మేలు, ఎందుకంటే చివరి గొట్టం ఎప్పుడూ అన్నిటికంటే సన్ననిది. జాయింట్ల దగ్గర లోహపు కాలర్ ఉందో లేదో చూస్తాను. కిలోల అంకె వీటన్నిటి తర్వాత చూస్తాను. అది లైటు బరువుకు రెట్టింపు ఉంటే నాకు చాలు.

నేను మార్చుకున్నది ఒకటుంది. సలహా చెప్పి వచ్చేయడం మానేశాను. సంచి వేశాక, వాళ్ల చేతనే త్రాసుతో లాగించి, అంకె చదివించి వస్తున్నాను. సంచి నేలకు తగిలి ఉంటే ఆ అంకె వెంటనే చెప్పేస్తుంది, నేను చెప్పడం మరిచిపోయినా సరే.

ఎనిమిది నెలలైంది, ఏ లైటూ పడలేదు. పాత అల్యూమినియం స్టాండు రిఫ్లెక్టర్ పట్టుకోవడానికి వాడుతున్నారు. పోయిన నెల ఆమె మళ్లీ ఫోను చేశారు. వాలు నేల మీద పని వచ్చిందట. 5 డిగ్రీలు వాలినా చాలు, 2 మీటర్ల ఎత్తున ఉన్న లైటు బరువు 17 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఉక్కు స్టాండుకు ఒక కాలు పైకీ కిందికీ జారేది ఉంది. ముందు దానితో మధ్య గొట్టాన్ని నిటారుగా చేసుకోమన్నాను. కాలు జరిపితే త్రిభుజం ఆకారం మారుతుంది కాబట్టి పాత 5 కిలోల అంకె అక్కడ చెల్లదు. వచ్చే వారం వెళ్లి, అదే వాలు మీద త్రాసుతో మళ్లీ కొలవబోతున్నాం.